కొండ చాటుకు వెళ్లిన డ్రోన్

కంటికి కనపడని దానితో పని చేయడం కొండల్లో పుట్టినవాళ్లకు కొత్త కాదు. పశువులు గట్టు దాటి దిగిపోతే మెడలో చెక్కగంట చప్పుడు బట్టి ఎక్కడున్నాయో చెబుతాం. తేనెకు వెళ్లిన మనిషి లోయలోంచి ఒక కేక వేస్తే ఇవతలి నుంచి ఇంకో కేక వేసి, విన్నామని తెలియజేస్తాం. గెడ్డ నీళ్లు ఎర్రబడితే పైన ఎక్కడో వాన పడిందని అర్థం. ఆ వానను మేం చూసి ఉండం. ఇంత తెలిసిన మేమే, చేతిలో రిమోట్ పట్టుకుని ఒక చిన్న కెమెరా డ్రోన్‌ను గట్టు అవతలికి పంపాల్సి వచ్చేసరికి అరచేతులు చెమటలు పట్టి నిలబడిపోయాం.

మేం ఐదుగురం. అల్లూరి సీతారామరాజు జిల్లాలో, పాడేరు నుంచి బస్సు దిగి ఇంకా చాలా దూరం నడవాల్సిన ఊరు మాది. మాలో ఇద్దరు డిగ్రీ చదివారు, ఒకరు బడిలో పాఠాలు చెబుతారు, ఒకరికి కాఫీ, మిరియాల తోట పని, అందరికంటే చిన్నది నర్సింగ్ చదువుతున్న అమ్మాయి. డ్రోన్ మా సొంతం కాదు. అటవీ హక్కుల మీద పనిచేసే ఒక సంస్థవాళ్లు తెచ్చారు. అనుమతి కాగితాలు వాళ్లే చూసుకున్నారు. సర్టిఫికెట్ ఉన్న ఒక పైలట్ అన్నను కూడా తీసుకొచ్చి మాకు నేర్పించారు. ఆయనది మైదానం. డ్రోన్ ఆయనకు తెలుసు, కొండ మాకు తెలుసు. నేర్చుకోవడమంతా ఈ రెండింటి మధ్య బేరం లాగే సాగింది.

పని ఏమిటంటే, మా ఊరి సామూహిక అటవీ వనరుల హక్కు కోసం గ్రామసభ దరఖాస్తు పెట్టుకుంటోంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద ఒక్కొక్కరి పోడు భూమికే కాదు, ఊరంతా తరతరాలుగా వాడుకుంటూ కాపాడుకుంటూ వచ్చిన అడవి మీద కూడా హక్కు అడగవచ్చు. ఆ సంగతి మన యువకుల్లోనే చాలామందికి తెలియదు. దరఖాస్తుకు హద్దులు చెప్పాలి. మా హద్దులు పెద్దల నోట్లో ఉన్నాయి. ఫలానా నల్లరాయి, ఫలానా జంట జీలుగులు, పులి పడుకున్న గుండు, అక్కడి నుంచి గెడ్డ వెంట కిందికి. అటవీ హక్కుల కమిటీతో కలిసి మూడు రోజులు నడిచి ఆ పేర్లన్నీ కాగితం మీద రాసుకున్నాం. ఇరవై ఏడు పేర్లు వచ్చాయి. నడవలేని చోట్లు మిగిలాయి. అవతలి వాలు నిటారుగా ఉంటుంది. అక్కడ బండకు పెద్ద తేనెపట్లు ఉంటాయి. ఆ వాలును పైనుంచి చూపించాలంటే డ్రోన్ కావాలి. డ్రోన్ అక్కడికి వెళ్తే ఎగరేసేవాళ్లకు కనపడదు.

ఎగరేయడం కంటే ముందు ఇంకో పని పడింది. ఆకాశంలో గుయ్యిమనేది వస్తే మా ఊళ్లలో ఎవరూ సంతోషించరు. ఎవరో పైనుంచి మనల్ని లెక్కపెడుతున్నారని అనుకుంటారు. అలా అనుకోవడానికి వాళ్లకు కారణాలున్నాయి. ఆడవాళ్లు గెడ్డలో స్నానం చేసే వేళలున్నాయి. కెమెరా చూడకూడని దేవతల చోట్లు ఉన్నాయి. అందుకని గ్రామసభలో డ్రోన్‌ను మధ్యలో పెట్టి, మూత తీసి, అందరికీ చేతికిచ్చి చూపించాం. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు లోపే ఎగరేస్తామని, ఎగిరే రోజు ముందు రాత్రే చాటింపు వేస్తామని, తీసిన బొమ్మలు ఉండే మెమరీ కార్డు కమిటీ దగ్గరే ఉంటుందని ఒప్పుకున్నాం. పోలీసు స్టేషన్‌లోనూ ముందే చెప్పి వచ్చాం. పక్క రెండు ఊళ్లకు కూడా మనిషిని పంపాం. ఎందుకంటే హద్దు అవతల ఉండేది వాళ్లే.

ఆ సభలోనే మా తాత ఒకాయన అడిగాడు: "కొండ చాటుకెళ్తే అది మీకు కనపడదు సరే, దానికి మీరు కనపడతారేటి?" పైలట్ అన్న నవ్వి, కనపడరు తాతా, అది మనుషుల కోసం చూడదు, తాను లేచిన చోటును గుర్తుపెట్టుకుంటుంది అన్నాడు. తాత కాసేపు చుట్ట పీల్చి, "అయితే దూడే. తల్లి కోసం కాదు, కట్టుకొయ్య కోసం వస్తాది" అన్నాడు. ఆ మాట మాకు తరువాత చాలా పనికొచ్చింది.

మొదటి రెండు వారాలు బడి గ్రౌండు దాటలేదు. పైలట్ అన్న మాకు నేర్పిన వాటిలో అన్నిటికంటే గొప్పది ఒక చిన్న ఆట. ఎగరేసేవాళ్లు డ్రోన్‌కు వీపు తిప్పి నిలబడాలి. తెర ఒక్కటే చూడాలి. పక్కన ఇంకొకరు డ్రోన్‌ను కళ్లారా చూస్తూ ఉంటారు, ప్రమాదం వస్తేనే నోరు తెరుస్తారు. డ్రోన్ ముప్పై మీటర్ల దూరంలోనే ఉంటుంది, కానీ మనకు లేనట్టే. తెర మీద బొమ్మ, ఎత్తు, దూరం, ఛార్జింగ్, ఉపగ్రహాల లెక్క, ముక్కు ఎటు తిరిగిందో చెప్పే చిన్న బాణం, మన దగ్గర ఉన్నవి ఇవే. జెండా కర్ర చుట్టూ తిప్పి తెచ్చి, గీసిన ముగ్గులో దింపాలి. మొదట్లో అందరం తల తిప్పి చూసేవాళ్లం. మెడ తిప్పిన ప్రతిసారీ మిగతావాళ్లు ఒక రూపాయి జరిమానా వేసేవాళ్లు. ఆ డబ్బుతో సంతలో జిలేబీ కొన్నాం. నాలుగో రోజుకు జరిమానాలు తగ్గాయి, జిలేబీ కూడా తగ్గింది.

ఈ ఆటను బడి టీచర్లు గమనించాలి. డ్రోన్ లేకపోయినా ఆడించవచ్చు. ఒక పిల్లవాడి కళ్లకు గంతలు కట్టి, ఇంకొకరు కాగితం మీద గీసిన బడి పటం చూస్తూ మాటలతో నడిపిస్తే చాలు. దిక్కు, దూరం, మలుపు అన్నీ వస్తాయి.

తెర మీద చూసేటప్పుడు డ్రోన్ ముక్కు మనవైపు తిరిగితే కుడి ఎడమలు తారుమారైనట్టు అనిపిస్తుంది అని అందరూ అంటారు. అది డ్రోన్‌ను కళ్లతో చూసి నడిపేవాళ్ల చిక్కు. తెర చూసి నడిపేటప్పుడు మనం డ్రోన్ లోపల కూర్చున్నట్టే, కుడి కుడే. ఆ సంగతి తెలిసిన రోజు మా భయంలో సగం పోయింది. చూపు దాటి ఎగరేయడం కొన్ని విషయాల్లో చూపులో ఎగరేయడం కంటే తేలిక.

మిగిలిన సగం భయం కొండది.

డ్రోన్ తెర మీద చూపించే ఎత్తు నేల నుంచి కాదు. అది లేచిన చోటు నుంచి. మైదానంలో ఈ రెండూ ఒకటే కాబట్టి పైలట్ అన్నకు ఇది మాటవరస సంగతి. మాకు ఇదే ప్రాణం. మా ఊరు కొండ అడుగున ఉంది. ఊళ్లోంచి 120 మీటర్ల ఎత్తున పంపి ముందుకు తోస్తే అది నేరుగా పోయి కొండకు గుద్దుకుంటుంది. నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో నేల నుంచి 400 అడుగులు, అంటే 120 మీటర్లు దాటి పోకూడదు. ఊళ్లోంచి గట్టును దాటేంత పైకి లేపితే లోయ మీద ఆ హద్దు దాటిపోతుంది. కాబట్టి చేయగలిగింది ఒక్కటే, డ్రోన్‌ను సంచిలో పెట్టుకుని గట్టు ఎక్కి అక్కడి నుంచి లేపడం. గాలిలో ఎగిరేదాన్ని గంటన్నర భుజాన మోసుకెళ్లడం చూసి, చింతపండు ఏరుతున్న ఆడవాళ్లు తెగ నవ్వారు.

గట్టు మీద నుంచి లేపి అవతలి వాలు వెంట దింపుకుంటూ వెళ్తే తెర మీద ఎత్తు తగ్గుతూ తగ్గుతూ సున్నాకు వచ్చి, మైనస్ పది, మైనస్ ఇరవై అని చూపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు డ్రోన్ భూమిలోకి వెళ్లిపోతోందా అనిపించింది. నిజానికి అది లేచిన చోటు కంటే కింద ఉంది, నేలకు మాత్రం నలభై మీటర్ల పైన ఉంది. ఇది లెక్కల పుస్తకంలో రుణసంఖ్యల పాఠం. ఆ పాఠానికి ఇంత మంచి ఉదాహరణ మాకు బడిలో దొరకలేదు.

ఇంకో చిక్కు. రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య నడిచే రేడియో తరంగాలు సుమారుగా చూపు లాగే నేరుగా పోతాయి. కొండ అడ్డొస్తే ఆగిపోతాయి, తడి ఆకుల గుబురు అడ్డొస్తే నీరసపడతాయి. యాంటెన్నా మొనను డ్రోన్ వైపు చూపించకూడదు, దాని పక్క భాగం డ్రోన్ వైపు ఉండాలి. టార్చిలైటులా గురిపెట్టాలనిపిస్తుంది గానీ అది తప్పు. సంకేతం తెగిపోతే డ్రోన్ కొన్ని సెకన్లు గాలిలో నిలబడి, తరువాత ముందే చెప్పిన ఎత్తుకు లేచి, లేచిన చోటుకు గీత గీసినట్టు వస్తుంది. ఆ గీతకు కొండ ముక్కో, సిల్వర్ ఓక్ చెట్టో అడ్డుంటే గుద్దుకుంటుంది. తాత చెప్పిన దూడ ఇదే. కట్టుకొయ్య దగ్గరికి వస్తుంది, కానీ దారిలో గెడ్డ పొంగి ఉందా అని చూసుకోదు. ఆ తిరుగు ఎత్తును ప్రతి చోటా కొత్తగా లెక్కగట్టి పెట్టడం మా పని. మేం లేపే చోటుకు పక్కనే కొండ ముక్కు ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉంది. దాని మీద చెట్ల కొసలు మా కాళ్ల కంటే ముప్పై మీటర్లు ఎత్తు. తిరుగు ఎత్తు 45 పెట్టాం.

మన దేశంలో కంటిచూపు దాటి డ్రోన్ నడపాలంటే మామూలు అనుమతి చాలదు, ప్రత్యేకంగా తీసుకోవాలి. అది తెచ్చుకున్నాక కూడా మేం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎగరేసేవాళ్ల కన్ను దాటవచ్చు గానీ మాలో అందరి కళ్లూ దాటకూడదు. కాబట్టి ఒకరు కొండ ముక్కు మీద, ఒకరు అవతలి వాలు అడుగున గెడ్డ దగ్గర, ఒకరు తెర పక్కన. అక్కడ సెల్ సిగ్నల్ రాదు. తెల్ల తువ్వాలు పైకెత్తి ఊపితే కనపడుతోంది అని, కిందికి దించితే కనపడలేదు అని గుర్తు. మిగతా అంతా కేకలే. నెట్‌వర్క్ లేదని ఎప్పుడూ తిట్టుకునే మేం ఆ వారం తిట్టుకోలేదు.

మూడో రోజు రిమోట్ నర్సింగ్ చదివే మా చెల్లి చేతిలో ఉంది. డ్రోన్ జంట జీలుగులు దాటి, పులిగుండు మీదుగా వాలు దిగుతోంది. తెర మీద మైనస్ ముప్పై. ఎండ బాగుంది, గాలి ఎదురుగా ఉంది. ఎదురుగాలిలో బయలుదేరి, తిరిగి వచ్చేటప్పుడు గాలిని వీపున పెట్టుకోవాలని నేర్చుకున్నాం. ఛార్జింగ్ 68. బొమ్మ ఒకసారి చతురస్రాలుగా పగిలింది. వెంటనే తెర నల్లబడింది.

నల్లటి తెర ముందు నిలబడితే ఒక్కో సెకను ఎంత పొడుగు ఉంటుందో రాయలేం. చెల్లి రెండు బొటనవేళ్లూ పుల్లల మీద నుంచి తీసేసి, రిమోట్‌ను గుండెకు ఆనించి పట్టుకుంది. ఏమీ తోయకు, ఏమీ లాగకు అని నేర్చుకున్నది అదే. మిగతా మేం మాత్రం అంత నిబ్బరంగా లేం. ఒకరు పరుగెత్తబోతే పైలట్ అన్న చొక్కా పట్టుకుని ఆపాడు. కొండ ముక్కు మీద తువ్వాలు కిందికి దిగి ఉంది. గెడ్డ దగ్గరి మనిషి మాకు కనపడడు. అప్పుడు కింది నుంచి పొడుగ్గా ఒక కేక వచ్చింది, పశువుల్ని మళ్లించేటప్పుడు వేసే కేక. పైకి లేస్తోంది అని దానర్థం. మరికాసేపటికి ముక్కు మీద తువ్వాలు లేచి గిరగిరా తిరిగింది. ఆ తరువాతే తెర వెలిగింది. అప్పటికి నలభై సెకన్లయిందని రికార్డు చూసి తెలుసుకున్నాం. మైనస్ ముప్పై నుంచి ప్లస్ నలభై అయిదుకు అది లేవడానికి పట్టిన కాలం అందులో ఎక్కువ భాగం. చెట్ల కొసల మీదుగా వచ్చి, మా ముందు గోనె మీద దిగింది. ఛార్జింగ్ 57.

ధైర్యం అంటే ఆ రోజు వచ్చినదే. తెర నల్లబడకుండా ఉంటే వచ్చేది కాదేమో. నల్లబడినప్పుడు డ్రోన్ ఏం చేస్తోందో మాకు సెకను సెకనుకూ తెలుసు. ఇప్పుడు నిలబడింది, ఇప్పుడు లేస్తోంది, ఇప్పుడు పులిగుండు మీద ఉంది. చూడకుండానే తెలుసు. ఎందుకంటే ఆ గుండు చుట్టూ మేం నడిచాం, చెట్ల కొసలు కొలిచాం, గెడ్డ దగ్గర నిలబడినవాడి గొంతు మాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. తెర ముందు నుంచి ఎన్నడూ లేవకుండా దూరాలు పోయేవాళ్ల వీడియోలు ఫోన్లో బోలెడు ఉంటాయి. వాటిని చూసి రేపే గట్టు దాటిద్దామనుకునే తమ్ముళ్లకు మేం చెప్పేది, ముందు ఆ గట్టు దాటి మీరు వెళ్లి రండి. చెప్పులు అరిగితే బ్యాటరీ మిగులుతుంది.

బ్యాటరీ సంగతి కూడా ఒక మాట. పెట్టె మీద రాసిన నిమిషాలు గాలి లేని చోట లెక్కగట్టినవి. మాకు అందులో మూడింట రెండు వంతులే దొరికాయి. యాభై దగ్గర తిరుగుముఖం పట్టాలి, ముప్పైకి నేల మీద ఉండాలి. శీతాకాలం మంచులో లేపకూడదు, రెక్కలు తడుస్తాయి, కెమెరా అద్దం మసకబారుతుంది. రేకుల ఇంటి పక్క నుంచి, కల్వర్టు ఇనుము మీద నుంచి లేపకూడదు, దిక్సూచి తికమకపడుతుంది. గద్ద వెంటపడితే పక్కకు కాదు, నిటారుగా పైకి పోవాలి. తేనెపట్టు ఉన్న బండ దగ్గరికి ఎంత దూరంలో ఆగాలో పైలట్ అన్న చెప్పలేకపోయాడు. తేనె తీసే మామ ఒకాయన చేత్తో చూపించి చెప్పాడు, అక్కడే ఆగాం.

తీసిన బొమ్మలను బడిలో గోడకు దుప్పటి కట్టి ఊరందరికీ చూపించాం. ముసలమ్మ ఒకామె ముందుకొచ్చి దుప్పటి మీద వేలు పెట్టి, ఇది మా అత్త నాటిన మామిడి అంది. అప్పటివరకు ఆ చెట్టు ఎవరి లెక్కలోనూ లేదు. పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యమేనని అటవీ హక్కుల నిబంధనల్లో 13వ నిబంధన చెబుతుంది. ఒక్క సాక్ష్యం మాత్రం చాలదు, ఒకటి కంటే ఎక్కువ కావాలి. కాబట్టి ఆ రాత్రి బొమ్మ ఆపి, మాట రాసి, వేలిముద్ర తీసుకుని, మళ్లీ బొమ్మ నడిపాం. ఒకచోట దేవత వనం కనపడింది. తీసేయమన్నారు, అక్కడికక్కడే తీసేశాం. ఇది చిన్న విషయం అనిపించవచ్చు. కానీ పైనుంచి చూసే కన్ను ఒకటి మన మాట విని మూసుకోవడం మా ఊళ్లో అదే మొదటిసారి.

ఇలాంటి పని మేమే మొదలుపెట్టలేదు. దక్షిణ అమెరికాలోని గయానాలో వాపిషాన్ ఆదివాసులు తమ అడవి నరికివేతను చూసుకోవడానికి 2014లో ఒక సంస్థ తోడ్పాటుతో, ఇంటర్నెట్ వీడియోలు చూసి డ్రోన్‌ను తామే కట్టుకున్నారు. ఈక్వడార్‌లో సినాంగోయె అనే ఊరి కోఫాన్ ఆదివాసులు గస్తీ దళం పెట్టుకుని, డ్రోన్లతో, చెట్లకు కట్టిన కెమెరాలతో బంగారు గనుల తవ్వకాన్ని పట్టుకున్నారు. 2018లో కోర్టు 52 గనుల అనుమతులను రద్దు చేసింది. ఆ పోరాటానికి నాయకత్వం వహించిన అలెక్సాండ్రా నార్వాయెజ్, అలెక్స్ లూసిటాంటె 2022లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి అందుకున్నారు. వాళ్లకు గెలుపు తెచ్చింది డ్రోన్ ఒక్కటే కాదు. ముందు కాలినడకన తిరిగే గస్తీ ఉంది.

మన దగ్గర 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో కంటిచూపు దాటి డ్రోన్లతో టీకాలు, మందులు పంపే ప్రయోగం జరిగింది. చదివి సంతోషించాం. డోలీ మోసే మా భుజాలకు దాంతో సెలవు రాలేదు. మందు ఎగిరి వచ్చినా మనిషి ఎగిరి వెళ్లలేడు, రోడ్డు రోడ్డే.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండి, పదో తరగతి పాసై, అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ వస్తుంది. పదేళ్లు చెల్లుతుంది. డబ్బు తీసుకోకుండా రెండు కిలోల లోపు డ్రోన్ నడిపేవాళ్లకు ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు గానీ, ఎగరేసే చోటు ఏ జోన్‌లో ఉందో డిజిటల్ స్కై పటంలో చూసుకోవడం మాత్రం ఎవరికీ తప్పదు. మా చెల్లి నర్సింగ్ అయ్యాక సర్టిఫికెట్ కోసం వెళ్తానంటోంది. ఫీజు ఎక్కువ. కాఫీ గింజలకు ఈ ఏడు ఎంత ధర పలుకుతుందో చూడాలి.

దరఖాస్తు సబ్ డివిజన్ స్థాయి కమిటీ దగ్గర ఉంది. మెమరీ కార్డు మా కమిటీ పెద్దమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. పక్క ఊరివాళ్లు తమ వాలును కూడా తీసిపెట్టమని మొన్న సంతలో అడిగారు. అనుమతి కాగితాలకు ఇంకా సమయం పడుతుందని చెప్పాం. ఈలోగా వాళ్ల హద్దు పేర్లు రాసుకోమన్నాం. కొండ ముక్కు మీద ఎవరు నిలబడతారో, గెడ్డ దగ్గర ఎవరి కేక బాగా వినపడుతుందో వాళ్లనే తేల్చుకోమన్నాం.